మూడు నిమిషాలకే ఆయాసం వస్తోంది: ఆగకుండా 5 కిలోమీటర్లు పరిగెత్తే దమ్ము ఎలా వస్తుంది?

తొలి అడుగు:

అందరికీ నమస్కారం. నా వయసు 38 సంవత్సరాలు. చదువు ముగిసిన నాటి నుంచి కుర్చీలో కూర్చుని చేసే పనే కావడంతో, రెండంతస్తుల మెట్లెక్కినా రొప్పు వచ్చే స్థితికి చేరాను. వైద్యుడిని కలిసి రక్తపోటు, చక్కెర, ఈసీజీ అన్నీ సరిగానే ఉన్నాయని నిర్ధారించుకున్న తరువాత, 5 వారాల క్రితం 400 మీటర్ల ట్రాక్ మీద పరుగు మొదలుపెట్టి, వారానికి 5 రోజులు తప్పకుండా వెళుతున్నాను. మొదటి చుట్టు 2 నిమిషాల 10 సెకన్లలో హాయిగా పూర్తవుతుంది. రెండో చుట్టులో తొలి మలుపు దాటి అవతలి వైపు తిన్నని దారిలోకి వచ్చేసరికి నోరు పిడచకట్టుకుపోతుంది, కాళ్ళు బరువెక్కుతాయి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి నిలబడక తప్పదు. మొదటి రోజు ఎక్కడ ఆగానో, నిన్న కూడా ఇంచుమించు అక్కడే ఆగాను.

నా ఊపిరితిత్తుల సామర్థ్యమే తక్కువనుకోవాలా, శ్వాస వ్యాయామాలు చేస్తే దమ్ము పెరుగుతుందా? 5 కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తాలన్న కోరిక ఈ వయసులో తీరేదేనా? ఇది కాక, వారం రోజులుగా ఎడమ కాలి ముందు ఎముక లోపలి అంచున, చీలమండకు జానెడు పైన నొప్పిగా ఉంటోంది. దాన్ని పట్టించుకోవాలో వద్దో కూడా దయచేసి చెప్పగలరు.

నిదానం:

మీ ఊపిరితిత్తులను అనుమానించనక్కర లేదు. మీరిచ్చిన అంకెలలోనే కారణం కనబడుతోంది. చుట్టుకు 2 నిమిషాల 10 సెకన్లు అంటే 5 కిలోమీటర్లను సుమారు 27 నిమిషాలలో ముగించే వేగం. ఏళ్ళ తరబడి పరిగెత్తుతున్నవారిలో చాలామంది ఆ వేగాన్ని పోటీ రోజు కోసం దాచిపెట్టుకుంటారు. మీరేమో రోజూ దానితోనే మొదలుపెడుతున్నారు. మొదటి చుట్టు హాయిగా ఉండటాన్ని నమ్మకండి. గుండె, శ్వాస పుంజుకుని కండరాలు అడిగినంత ఆక్సిజన్ చేర్చడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది కనుక, అంతవరకు కండరాలు తమ దగ్గరున్న నిల్వతో నెట్టుకొస్తాయి. ఆ తరువాత కూడా సరఫరా చాలనంత వేగంగా పరిగెత్తుతుంటే, ఆ అప్పు తీర్చమని శరీరం అడిగే చోటే మీ రెండో చుట్టు మలుపు.

ఆరోగ్యవంతులలో ఆటంకం సాధారణంగా ఊపిరితిత్తుల దగ్గర ఉండదు. గుండె ఒక్కో స్పందనకు ఎంత రక్తం పంపగలదు, కండరాలలోని కేశనాళికలూ (సన్నని రక్తనాళాలు), మైటోకాండ్రియా (కణాలలో శక్తిని తయారుచేసే భాగాలు) ఆ ఆక్సిజన్‌ను ఎంత వాడుకోగలవు అన్నదే అసలు విషయం. ఇవన్నీ పెరిగేది ఎక్కువసేపు చేసిన తేలిక శ్రమ వల్ల. మూడు నిమిషాలకు కుప్పకూలేవారికి ఆ ఎక్కువసేపు అన్నదే దొరకడం లేదు. శ్వాస వ్యాయామాలు చేస్తే నష్టమేమీ లేదు గానీ, ఈ చిక్కును విడదీసేవి అవి కావు.

కాబట్టి సిగ్గుపడేంత నెమ్మదిగా పరిగెత్తండి. నోటికి వచ్చిన పద్యం ఒకటి పైకి చదువుతూ పరిగెత్తి చూడండి. పద్యపాదం చివర కాక మధ్యలోనే ఊపిరి తీసుకోవలసి వస్తే వేగం ఎక్కువైనట్టే. మొదట్లో ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక చొప్పున 20 నిమిషాలు, వారానికి 3 రోజులు చాలు. జాష్ క్లార్క్ అనే అమెరికన్ 1996లో కొత్తవారి కోసం తయారుచేసిన 9 వారాల ప్రణాళిక మొదలయ్యేది ఇలాగే. ఏ వారమైనా కష్టమనిపిస్తే దాన్నే మళ్ళీ చేయండి. 9 వారాలు 14 అయినా ఎవరూ అడగరు. నాకైతే 16 వారాలు పట్టింది. చేతులు ఊపుకుంటూ నడిచే ఒక పెద్దాయన రోజూ నన్ను దాటి వెళ్ళేవారు. కొన్నాళ్ళు ఆయన వచ్చే వేళ తప్పించి వెళ్ళేవాడిని.

పిక్క బలం:

పై సలహాతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను, కానీ కాలి నొప్పి సంగతి అందులో రాలేదు. నా దృష్టిలో ఆయాసం కంటే ఇదే ముఖ్యం, ఎందుకంటే కొత్తగా పరిగెత్తేవారిలో చాలామంది మానేసేది దమ్ము చాలక కాదు, కాలు మొరాయించి.

గుండె, రక్తప్రసరణ కొద్ది వారాలలోనే మెరుగుపడతాయి. స్నాయువులకూ ఎముకలకూ నెలలు పడుతుంది. పరుగులో ప్రతి అడుగుకూ మన బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి కాలి మీద పడుతుంది. అందుకే రెండో నెలలో ఊపిరి బాగా ఆడుతోందని దూరం ఒక్కసారిగా పెంచినవారే నెల తిరగకుండా కుంటుతూ కనబడతారు.

మీరు కూర్చుని, నొప్పి ఉన్న ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో పైనుంచి కిందికి కొద్దికొద్దిగా నొక్కుతూ రండి. నాలుగైదు వేళ్ళ వెడల్పున పరచుకున్నట్టు సలుపుతుంటే అది చాలావరకు షిన్ స్ప్లింట్స్ అనే సాధారణ సమస్య. పరుగు తగ్గిస్తే తగ్గుతుంది. అలా కాక, ఒకే చోట, వేలికొన పట్టేంత మేర, తాకితేనే ఉలిక్కిపడేలా ఉంటే, లేదా రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి వస్తుంటే, ఎముకలో సన్నని పగులు ఏర్పడే అవకాశం ఉంది. అప్పుడు ఒక్క అడుగు కూడా పరిగెత్తకుండా ఎముకల వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. అలాంటి పగులు తొలి రోజులలో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కనుక, ఎక్స్‌రే బాగుందని మళ్ళీ మైదానానికి వెళ్ళకండి.

మొదటి రకమే అయితే 5 రోజులను 3 రోజులకు తగ్గించండి. అడుగు కాస్త చిన్నది చేసి, నిమిషానికి పడే అడుగుల సంఖ్యను 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుంది. కాలు శరీరానికి బాగా ముందు కాకుండా ఇంచుమించు నడుము కిందే పడాలి. పరుగు లేని రోజులలో మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, మడమలను నిదానంగా పైకెత్తి దించుతూ 15 సార్ల చొప్పున మూడు విడతలు చేయండి. బూట్ల గురించి మనవాళ్ళు పేజీలకు పేజీలు వాదించుకుంటారు గానీ, వేసుకుని పది అడుగులు పరిగెత్తినప్పుడు హాయిగా ఉన్నవే మంచివని నా అభిప్రాయం.

గడియారం ముల్లు:

క్షమించాలి, నేను కొంత విభేదిస్తున్నాను. ఎప్పుడూ నెమ్మదిగా పరిగెత్తేవారు నెమ్మదిగానే ఉండిపోతారు. వేగంగా పరిగెత్తి, ఆగి, మళ్ళీ పరిగెత్తే ఇంటర్వెల్ పద్ధతిలో తక్కువ సమయంలో ఎక్కువ ఫలితం వస్తుంది. నేను అలాగే మెరుగుపడ్డాను.

నిదానం:

ఇంటర్వెల్ పద్ధతి పనిచేయదని నేను అనను. అది కట్టిన ఇంటికి వేసే పైఅంతస్తు, ఈయనకు ఇంకా పునాదే పడలేదు. పైగా కాలు ఇప్పటికే నొప్పి పెడుతోంది. న్యూజిలాండ్‌కు చెందిన పీటర్ స్నెల్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచారు. రెండు నిమిషాల లోపు ముగిసే ఆ పోటీ కోసం కూడా ఆయన గురువు ఆర్థర్ లిడియార్డ్ ముందు నెలల తరబడి వారానికి 160 కిలోమీటర్ల వరకు దూరపు పరుగులు చేయించి, ఆ తరువాతే వేగం మీద దృష్టి పెట్టేవారు. మనకు ఆ దూరాలు అక్కరలేదు, ఆ వరుస మాత్రం పనికొస్తుంది. 30 నిమిషాలు ఆగకుండా పరిగెత్తగలిగిన తరువాత వారానికి ఒక రోజు వేగం కలుపుకోవచ్చు.

తొలి అడుగు:

నాలుగు వారాల తరువాత రాస్తున్నాను. బొటనవేలితో నొక్కి చూస్తే నొప్పి పరచుకున్నట్టే తెలిసింది. పది రోజులు నడకకే పరిమితమై, ఆపై ఒక నిమిషం పరుగుతో మొదలుపెట్టి, ఇప్పుడు 3 నిమిషాల పరుగు, ఒకటిన్నర నిమిషం నడక దగ్గర ఉన్నాను. చుట్టుకు 3 నిమిషాల 20 సెకన్ల వేగంలో పరిగెత్తుతుంటే ఆ మలుపు ఎప్పుడు దాటిందో కూడా గమనించడం లేదు. అయితే కొత్త అనుమానం వచ్చింది. పద్యం హాయిగా చదవగలుగుతున్నా, చేతి గడియారం గుండె వేగాన్ని నిమిషానికి 172గా చూపిస్తోంది. 220 నుంచి వయసు తీసివేస్తే నాకు గరిష్ఠం 182 కదా, ఇది ప్రమాదకరం కాదా?

పిక్క బలం:

ఆ లెక్క సగటుకు సంబంధించినది; ఒక్కో మనిషిలో పదీ పన్నెండూ అటూ ఇటూ ఉండటం మామూలే. అంతకంటే ముందు ఇంకొకటి చూడాలి. మణికట్టు గడియారాలు కొన్నిసార్లు నాడికి బదులు అడుగుల తాళాన్ని పట్టుకుని దాన్నే గుండె వేగంగా చూపిస్తాయి, నిమిషానికి 170 ప్రాంతంలో అడుగులు పడటం పరుగులో సహజం. ఈసారి పరుగు ఆపిన క్షణమే మెడ పక్కన రెండు వేళ్ళు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి, వచ్చిన సంఖ్యను నాలుగుతో హెచ్చించండి. చేతికి వచ్చిన లెక్క కూడా 170 దాటి ఉన్నా, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, గుండె లయ తప్పినట్టు ఉండటం వంటివి ఏవైనా కనబడినా వైద్యుడిని కలవండి.

తొలి అడుగు:

ఈ ఉదయం లెక్కపెట్టాను, 37 వచ్చింది. అంటే 148. అదే సమయంలో గడియారం 171 అంటోంది.