ఎలుకల్లో పనిచేసిన క్లోనిడిన్ మనిషి అలవాటుకూ మందేనా?

పెన్నా ఒడ్డు: నొప్పి ఇంజెక్షన్లకు అలవాటు పడిన మా తమ్ముడికి డాక్టరు క్లోనిడిన్ రాశారు. బీపీ మాత్ర కదా అంటే, ఇది ముందు ఎలుకల్లో చూసిందే అన్నారు. చదివాను. 1978లో అఘజానియన్ అనే శాస్త్రవేత్త మార్ఫిన్‌కు అలవాటు పడ్డ ఎలుకల మెదడులో లోకస్ సెరూలియస్ అనే చోటును గమనించాడు. అక్కడి కణాలను మార్ఫిన్ అణచిపెడుతుంది. అది అందకపోతే అవి రెచ్చిపోతాయి. క్లోనిడిన్ వేరే రిసెప్టర్ (కణం మీద మందు అతుక్కునే చోటు) మీద పనిచేసి వాటిని మళ్లీ అణచింది. అంటే మందు దొరికినట్టే కదా?

కందుకూరు మాస్టారు: ఆ ఎలుకలకు విత్‌డ్రాయల్, అంటే మందు అందకపోతే వచ్చే బాధ, దానంతట అది రాలేదు. మార్ఫిన్ పనిని అడ్డుకునే నాలోక్సోన్ అనే మందు ఇచ్చి తెప్పించారు. అలా నిమిషాల్లో వచ్చేది వేరు, మనిషి రోజుల తరబడి పడేది వేరు.

ఒంగోలు గిత్త: పశువులకు వేసే జైలజిన్ కూడా క్లోనిడిన్ జాతి మందే. వేస్తే ఎంత పొగరుబోతు గిత్తయినా గమ్మున పడుకుంటుంది. లేచాక మళ్లీ పొడవదా?

ఫార్మా కుర్రాడు: నాలోక్సోన్ సంగతి పక్కన పెట్టండి మాస్టారూ, ఆ 1978లోనే మనుషుల్లోనూ చూశారు, బాధ తగ్గింది. కానీ క్లోనిడిన్ చుట్టం లోఫెక్సిడిన్‌కు అమెరికాలో 2018లో అనుమతిచ్చినప్పుడు విత్‌డ్రాయల్ లక్షణాలకు, అదీ 14 రోజుల వరకే అన్నారు. వ్యసనానికి చికిత్స అనలేదు.

పెన్నా ఒడ్డు: ఇంకోటి విను. హెరాయిన్ కోసం మీట నొక్కడం మానేసిన ఎలుకలు కరెంటు షాక్ తగిలితే మళ్లీ నొక్కుతాయి. క్లోనిడిన్ ఇస్తే అది తగ్గింది. టెన్షన్ వల్ల మళ్లీ మొదలెట్టేవాళ్లకు ఇది పనికొస్తుందిగా?

కందుకూరు మాస్టారు: ఎలుకకు అప్పులవాళ్లు ఫోన్ చేయరు. నేను పాఠం చెప్పిన పిల్లాడే ఈ అలవాటుతో వాళ్లమ్మ గాజులు అమ్మేశాడు. నాలుగు రకాల మాత్రలు మింగించారు. ఏం మారింది? 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచింది మాత్రలు పట్టుకునా?

ఉదయగిరి కొండ: సారాకూ దీనికీ ఏం సంబంధం సార్?

పెన్నా ఒడ్డు: వాళ్లు కొట్లాడింది సారా కొట్టు మీద మాస్టారూ. ఎలుకలు, నాలోక్సోన్ అంటూ పొద్దుటినుంచీ మీరు చెప్పేది ఒకటే, మా వాడికి సిగ్గు లేదని. ఒళ్లంతా చెమటలతో, వాంతులతో రాత్రంతా వాడు పడ్డ బాధ నేను చూశాను. అది బుద్ధి లేకపోవడమా?

కందుకూరు మాస్టారు: బాధ లేదన్నానా? బాధ పోయిన మర్నాడు వాడు ఎటు వెళ్తాడన్నదే నా ప్రశ్న. మా పిల్లాడు నేరుగా మెడికల్ షాపుకే వెళ్లాడు.

ఫార్మా కుర్రాడు: ఇప్పుడు అసలు మాటకొచ్చారు. క్లోనిడిన్ ఒళ్లును ఒడ్డున పడేస్తుంది, అంతే. ఆ తర్వాతే ప్రమాదం. మానేశాక ఒళ్లు తట్టుకునే శక్తి తగ్గుతుంది, పాత డోసే ప్రాణం తీయొచ్చు. అందుకే మార్ఫిన్ లాంటి మందుల బదులు వాడే బ్యూప్రెనార్ఫిన్ లాంటిది చాలాకాలం ఇస్తారు. అన్నా, డాక్టర్ని దాని గురించి అడుగు. క్లోనిడిన్ మాత్రం నీ అంతట నువ్వు ఆపకు, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది.

పెన్నా ఒడ్డు: సోమవారం వెళ్తున్నాం, అడుగుతాను.

కందుకూరు మాస్టారు: అడుగు. కానీ నాలోక్సోన్ సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.