వృద్ధుల దీర్ఘకాల సంరక్షణ: ఖర్చు ఎవరు మోయాలి, నాణ్యతకు పూచీ ఎవరు?

బాటసారి:
మంచాన పడ్డ పెద్దల సంరక్షణను కుటుంబాలకే వదిలేయాలా? నా ఓటు నిర్బంధ బీమాకి. జర్మనీ 1995లోనే తెచ్చింది. జపాన్‌లో 2000 నుంచి 40 ఏళ్లు దాటినవారు ప్రీమియం కడుతున్నారు. సేవలు అవసరమైనప్పుడు ఖర్చులో 10 శాతం కడితే చాలు, ఆదాయం ఎక్కువైతే 20 లేదా 30. మంచం ఎవరి నుదుట రాసి ఉందో ముందే తెలియదు. అందుకే అందరూ కలిసి మోయాలి.

లెక్కల మాస్టారు:
బాటసారి గారూ, జర్మనీ బీమా ఖర్చంతా ఇవ్వదన్న సంగతి వదిలేశారు. సంరక్షణ గృహంలో బస, భోజనం చేతిచమురే. సంరక్షణలోనూ పరిమితి దాటినది సొంతమే. అది కూడా కట్టలేనివారికి చివరకు సాంఘిక సహాయమే దిక్కు. పైగా సొంత ఇల్లున్న పెద్దాయన ఖర్చును అద్దెకుంటున్న కుర్రవాడు ఎందుకు మోయాలి? ఆస్తి చూసి సాయం చేయడమే న్యాయం.

బాటసారి:
ఆ న్యాయం ఇంగ్లండ్‌లో చూడండి మాస్టారూ. 23,250 పౌండ్లకు మించి ఆస్తి ఉంటే ఖర్చంతా సొంతం. 2010 నుంచి ఆ గీత కదలలేదు, ధరలు మాత్రం ఆగలేదు. ఒక మనిషి జీవితకాలంలో సంరక్షణకు సొంతంగా పెట్టే ఖర్చుకు హద్దు పెట్టమని ప్రభుత్వం వేసిన డిల్నాట్ కమిషన్ 2011లో చెప్పింది. 86,000 పౌండ్ల హద్దు ప్రకటించారు, వాయిదా వేశారు, 2024లో ఎత్తేశారు. అక్కడ క్యాన్సర్ వస్తే వైద్యం ఉచితం. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముదిరి సంరక్షణ గృహంలో చేరితే ఇల్లు అమ్ముకోవలసి రావచ్చు. రోగాన్ని బట్టి న్యాయమా?

రాత్రి డ్యూటీ:
ఇద్దరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు. నేను సంరక్షణ గృహంలో పనిచేస్తాను. కదలలేని మనిషిని పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని చార్టులో ఉంటుంది. సమయం అయ్యేసరికి నేను ఇంకో గదిలో ఎవరికో తడిసిన పక్క మారుస్తుంటాను. చార్టులో టిక్కు మాత్రం పడుతుంది. తనిఖీకి వచ్చినవారు టిక్కులు చూస్తారు, వీపు చూడరు. ఆస్ట్రేలియాలో వృద్ధుల సంరక్షణపై ప్రభుత్వం వేసిన విచారణ సంఘం (రాయల్ కమిషన్) 2021లో తుది నివేదిక ఇచ్చాక కనీస సంరక్షణ సమయం తప్పనిసరి చేశారు. 2024 అక్టోబరు నుంచి ఒక్కొక్కరికి రోజుకు సగటున 215 నిమిషాలు, అందులో 44 రిజిస్టర్డ్ నర్సువి. ప్రమాణం అంటే అలా ఉండాలి.

లెక్కల మాస్టారు:
నిమిషాలు లెక్కపెడితే ఆప్యాయత వస్తుందా? సిబ్బంది దొరకని చోట గృహాలు మూతపడతాయి.

రాత్రి డ్యూటీ:
ఆప్యాయత సంగతి తర్వాత, ముందు మనిషి గదిలోకి రావాలి కదండీ! సిబ్బంది దొరకక కాదు, జీతం చూసి నిలవరు. అదే ఆస్ట్రేలియాలో 2023లో ఈ రంగంలో ఎక్కువమందికి కనీస వేతనాలు 15 శాతం పెంచి, ఆ భారానికి ప్రభుత్వమే నిధులిచ్చింది. బీమా సొమ్మయినా పన్ను సొమ్మయినా, అందులో ఇంత వాటా జీతాలకే వెళ్లాలని షరతు పెట్టండి. లేకపోతే గోడలకు కొత్త రంగులు పడతాయి, రాత్రి డ్యూటీలో మాత్రం ఎప్పటిలా ఇద్దరమే ఉంటాం.

లెక్కల మాస్టారు:
ఆ షరతుకు నేనూ సరే. బీమాకు మాత్రం ఇప్పటికీ కాదు.