తొమ్మిదేళ్ల పాత థ్రెడ్‌లో జవాబు రాస్తే తప్పా?

దారపుకొస (థ్రెడ్ మొదలుపెట్టినవారు)

మొన్న ఒక టెక్ ఫోరంలో చీవాట్లు తిన్నాను. తప్పు నాదో కాదో మీరే చెప్పండి.

నా ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి. లినక్స్‌లోంచి విండోస్ పార్టిషన్ (డిస్కులో విండోస్ ఉండే భాగం) తెరుచుకుంటుంది గానీ, అందులో ఒక్క ఫైలూ సేవ్ కాదు. 'రీడ్ ఓన్లీ' అంటుంది. వెతికితే 2016 నాటి థ్రెడ్ దొరికింది. అచ్చం నా సమస్యే. పదకొండు జవాబులున్నాయి. చివర్లో అడిగినాయన "సరైపోయింది, అందరికీ థాంక్స్" అని రాసి వెళ్లిపోయాడు. ఏం చేస్తే సరైందో మాత్రం చెప్పలేదు!

మూడు సాయంత్రాలు కుస్తీ పట్టాక కారణం దొరికింది. విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అని ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే మనం షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న పార్టిషన్ మీద ఏమైనా రాస్తే డేటా పాడవుతుందని లినక్స్ ముట్టుకోదు. కంట్రోల్ ప్యానెల్‌లో ఆ టిక్ తీసేసి, మళ్లీ ఒకసారి షట్‌డౌన్ చేస్తే సరి. ఇదే నాలుగు ముక్కల్లో ఆ పాత థ్రెడ్ కింద రాశాను.

గంటలో మోడరేటర్ వచ్చి "తేదీ చూసుకోరా? తొమ్మిదేళ్ల శవాన్ని లేపారు" అని థ్రెడ్‌కి తాళం వేశారు.

తాళంచెవి

నేను వేరే చోట మోడరేటర్‌ని. ఆయన మాట తీరు బాగాలేదు, ఒప్పుకుంటాను. తాళం వేయడం మాత్రం తప్పనను.

పాత తరహా ఫోరంలలో చివరి జవాబు ఎప్పుడొస్తే థ్రెడ్ అప్పుడు పైకి లేస్తుంది. మీ జవాబు పడగానే 2016 ప్రశ్న మొదటి పేజీలో పైన కూర్చుంటుంది. వచ్చినవాళ్లు తేదీ చూడరు. మొదటి పోస్టు చదివి, ఏడేళ్లుగా లాగిన్ అవని మనిషికి ఓపిగ్గా సలహాలు రాస్తారు. ఇంకొకరొచ్చి "నాకూ ఇదే సమస్య" అంటారు. చూస్తే ఆయన గొడవ ప్రింటర్‌ది! ఇవాళ పొద్దున అడిగినవాళ్ల ప్రశ్న ఈలోగా రెండో పేజీకి జారిపోతుంది. మీలా పరిష్కారంతో వచ్చేవాళ్లు అరుదండీ. మిగతాదంతా గతజల సేతుబంధనమే.

రాత్రిబండి

కొత్త థ్రెడ్ తెరిస్తే "ముందు వెతకరా?" అంటారు. వెతికి, పాతదాంట్లో రాస్తే "తేదీ చూడరా?" అంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మోడరేటర్లకి అసలు ఎవరూ ఏమీ రాయకపోతేనే హాయి అనుకుంటా.

తాళంచెవి

హాయిగానే ఉంటుంది, అబద్ధమెందుకు 🙂

సున్నాఒకటి

నన్నడిగితే ఇది మర్యాద సమస్య కంటే వరుస సమస్య. గ్రీకులో నెక్రోస్ అంటే శవం. పాత థ్రెడ్లని లేపేవాళ్ల మీద వాడే నెక్రోపోస్టింగ్ అనే తిట్టు అందులోంచే పుట్టింది. కానీ ఆ తిట్టు అన్నిచోట్లా చెల్లదు.

ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్‌లో ఇదే పనికి మెడల్ ఇస్తారు! అడిగి 60 రోజులు దాటిన ప్రశ్నకి జవాబు రాసి, ఆ జవాబు స్కోరు 5కి చేరితే 'నెక్రోమాన్సర్' (శవాల్ని లేపే మంత్రగాడు) బ్యాడ్జి వస్తుంది. ఎందుకంటే అక్కడ ప్రశ్న అడిగినవాడి సొంతం కాదు, తర్వాత వెతుక్కుంటూ వచ్చే అందరిదీ. రెడిట్‌లో కామెంట్ పెడితే పోస్టు పైకి లేవదు. అయినా చాలాకాలం ఆరు నెలలు దాటిన పోస్టులన్నీ వాటంతటవే మూతపడేవి. 2021లో ఆ నిర్ణయం ఒక్కో సబ్‌రెడిట్ (రెడిట్‌లో ఒక్కో విషయానికి ఉండే విభాగం) మోడరేటర్లకి వదిలేశారు. జపాన్‌లో 1999లో మొదలైన 2చానెల్ అనే ఫోరంలో ఇంకా తేలిక పద్ధతి ఉండేది: ఈమెయిల్ గడిలో 'సాగే' అని కొడితే, అంటే కిందికి అని, జవాబు పడుతుంది గానీ థ్రెడ్ పైకి రాదు.

అంటే మీ జవాబుకి చోటివ్వాలంటే మొదటి పేజీని కదపక్కర్లేదు. ఆ సౌకర్యం పెట్టని సాఫ్ట్‌వేర్ తప్పుని మనిషి నెత్తిన రుద్దుతున్నాం.

తాళంచెవి

బాగుంది. పాత సలహాల మాటేమిటి మరి? దారపుకొస గారి ఉదాహరణే చూడండి. 2016లో లినక్స్‌లోంచి ఆ పార్టిషన్ మీద రాయాలంటే ఎక్కువమంది వాడింది ఎన్‌టీఎఫ్ఎస్-3జీ అనే డ్రైవర్. 2021లో లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ 5.15 వెర్షన్‌లోనే ఎన్‌టీఎఫ్ఎస్3 అని ఇంకోటి చేరింది. (పేర్లు చూశారా, తికమక పెట్టడానికే పెట్టినట్టున్నాయి.) ఇప్పుడు థ్రెడ్ పైకి లేచిందంటే ఆ పదకొండు పాత సలహాలూ కూడా లేచినట్టే. వాటిలోంచి ఎవరో ఒకరు కమాండ్ ఎత్తి టెర్మినల్‌లో పేస్ట్ చేస్తారు. కొత్త థ్రెడ్ తెరిచి పాతదానికి లింకిస్తే ఈ గొడవ ఉండదు కదా?

దారపుకొస

వెతికేవాళ్లకి దొరికేది పాతదే కదండీ. నాకు దొరికింది అదే. కొత్త థ్రెడ్ నుంచి పాతదానికి లింకు వేయగలను, పాతదాన్నుంచి కొత్తదానికి ఎవరు వేస్తారు? అక్కడ తాళం ఉంది! ఆ పాత సలహాలు మీరు లేపినా లేపకపోయినా సెర్చ్‌లో రోజూ లేస్తూనే ఉన్నాయి. వాటికింద 'ఇది ఇప్పుడు పనిచేయదు' అని రాసే దారి మూసేస్తే ఎవరికి లాభం?

రాత్రిబండి

అదీ దెబ్బ. పైగా 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు కనబడకుండా పోయాయని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క చెప్పింది. పాత థ్రెడ్లలో "ఇక్కడ చూడండి" అని ఇచ్చిన లింకుల్లో ఎన్ని బతికున్నాయో ఊహించుకోండి. ఎవరో ఒకరు వెళ్లి మార్చాలిగా.

వానచినుకు

మీరంతా కంప్యూటర్ల గురించే మాట్లాడుతున్నారు. అక్కడైతే దారపుకొస గారిదే న్యాయం. నా అనుభవం వేరు.

ఆరేళ్ల కిందట మా నాన్నకి అరుదైన జబ్బు అని తేలినప్పుడు, అలాంటివాళ్ల కుటుంబాలు రాసుకునే ఒక ఫోరంలో చేరాను. రాత్రిళ్లు నిద్రపట్టక ఏదేదో రాసేదాన్ని. మందుల గురించి, భయం గురించి, మా అన్నయ్యతో గొడవల గురించి కూడా. ఎనిమిది నెలలకి నాన్న పోయారు. ఆ మాట అక్కడ రాయలేకపోయాను. ఊరికే వెళ్లడం మానేశాను.

పోయిన ఏడాది ఒకరోజు ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా ఫోన్‌కి మెయిల్ వచ్చింది. నా థ్రెడ్‌కి కొత్త జవాబు. ఒకటే లైను: "ఇప్పుడు మీ నాన్నగారికి ఎలా ఉంది?"

లేచి బాత్రూంలోకి వెళ్లి కూర్చున్నాను. రాసినాయన మంచిగానే అడిగారు, తప్పుపట్టలేను. కానీ నా పాత పోస్టులన్నీ మళ్లీ మొదటి పేజీలో ఉన్నాయి. అన్నయ్య గురించి రాసినవి కూడా. కొత్తగా చేరినవాళ్లు అవి చదివి, నాన్న ఉన్నారనుకుని ధైర్యం చెబుతున్నారు. ఒకరైతే డాక్టర్ పేరు కూడా సూచించారు.

రాత్రిబండి

అయ్యో. సారీ అండీ. నేను వెటకారంగా మాట్లాడాను.

సున్నాఒకటి

ఇది నేను ఆలోచించలేదు. నా లెక్కలో వరుస ఒక్కటే ఉంది, నోటిఫికేషన్ లేదు. డిస్కోర్స్ అనే ఫోరం సాఫ్ట్‌వేర్‌లో పాతదానికి జవాబు రాయబోతే ఒక హెచ్చరిక వస్తుంది: చివరి జవాబు వచ్చి ఇంతకాలమైంది, మీరు రాస్తే ఇది పైకి లేస్తుంది, ఇంతకుముందు మాట్లాడినవాళ్లకి కబురు వెళ్తుంది, ఖాయమేనా? అని. చాదస్తం అనుకునేవాణ్ణి. అందులో మూడో ముక్కే అసలుదని ఇప్పుడు అర్థమవుతోంది.

తాళంచెవి

నేను చెప్పబోయింది ఇదే, ఇంత బాగా చెప్పలేకపోయాను. మా దగ్గర సొంత విషయాలు రాసుకునే విభాగంలో థ్రెడ్లు మూడు నెలలకి వాటంతటవే మూతపడతాయి. దీనిమీద నన్ను తిట్టనివాళ్లు లేరు.

అయితే దారపుకొస గారూ, టెక్ విభాగానికీ అదే తాళం వేయడం మా బద్ధకం. అక్కడ మీలాంటి జవాబుని ఉంచి, మొదటి పోస్టులో "పరిష్కారం కింద ఉంది" అని ఒక్క లైను చేర్చి, ఆ తర్వాత తాళం వేసుకోవచ్చు. రెండు నిమిషాల పని. మీ మోడరేటర్‌కి విడిగా మెసేజ్ పెట్టి అడగండి. థ్రెడ్లో వాదించకండి, బిగుసుకుంటారు. నేనైతే బిగుసుకుంటాను.

దారపుకొస

పెడతాను. వానచినుకు గారూ, ఒక్కటి అడగొచ్చా? ఆయన ఏం చేసుంటే మీకు బాధ అనిపించేది కాదు? బాధపెట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే.

వానచినుకు

విడిగా మెసేజ్ పెట్టుంటే చాలు. అందరి ముందూ అడిగేసరికి అందరి ముందూ జవాబు చెప్పాల్సొచ్చింది.

వారం తర్వాత ఆయన పాత పోస్టులు చూశాను. వాళ్ల నాన్నగారికీ అదే జబ్బు, కొత్తగా తెలిసింది. నేను మందుల గురించి రాసినవన్నీ చదువుకుంటూ వచ్చి, చివర్లో ఏమైందో లేకపోయేసరికి అడిగారు. మీ 2016 మనిషి ఎలా సరైందో చెప్పకుండా వెళ్లిపోయినట్టు, నేనూ చెప్పకుండా వెళ్లిపోయాను.

నాన్న పోయిన సంగతి, ఆఖరి రెండు నెలలు ఏ మందు పనిచేసిందో ఏది చేయలేదో, అన్నీ వరసగా రాశాను. అన్నయ్య గురించి రాసినవి తీసేయమని మోడరేటర్‌ని అడిగితే తీసేశారు. థ్రెడ్‌కి తాళం వేయమంటారా అని కూడా అడిగారు. వద్దన్నాను.