“ఇతర సమస్త హక్కులు” అంటే ఏమేమి?

టవర్‌క్లాక్ (అనంతపురం):
మా చిన్నమ్మ కూతురు, అల్లుడు ఇద్దరూ ఒప్పుకొని విడిపోతున్నారు. రాజీ పత్రం ముసాయిదాలో ఒక వాక్యం ఇట్లా ఉంది: “గత, ప్రస్తుత, భవిష్యత్ మనోవర్తి, శాశ్వత భరణం మరియు ఇతర సమస్త హక్కుల నిమిత్తం ఏకమొత్తంగా ముట్టినది.” మనోవర్తి, భరణం ఒకటే కదా, రెండుసార్లు ఎందుకు రాసినారని మా మామ అడుగుతున్నాడు. నాకు మాత్రం ఆ “ఇతర సమస్త” దగ్గర టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

బుగ్గవంక (కడప):
కోర్టు కాగితాలు రాసిన చెయ్యి నాది, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తా. భాషలో చూస్తే మీ మామ మాట నిజమే. రెండూ పోషణకు ఇచ్చే డబ్బే. పల్లెల్లో మనువర్తి అంటారు, ఫైల్లో మనోవర్తి అవుతుంది. తేడా అంతా చట్టంలో ఉంది. హిందూ వివాహ చట్టం, 1955లో 24వ సెక్షన్ కింద కేసు నడిచినన్నాళ్ళు ఇప్పించేది మధ్యంతర మనోవర్తి. కేసు ఖర్చులు కూడా అందులోనే అడగొచ్చు. 25వ సెక్షన్ కింద డిక్రీ ఇచ్చేటప్పుడో, ఆ తర్వాతో ఇప్పించేది శాశ్వత భరణం. ఒకేసారి ఇవ్వొచ్చు, నెలనెలా కూడా ఇవ్వొచ్చు. ఈ రెండు సెక్షన్ల కింద భర్త కూడా అడగొచ్చు, ఇది చాలామందికి తెలీదు.

“శాశ్వత” అన్న మాటను నమ్ముకోవద్దు. పరిస్థితులు మారినాయని చూపిస్తే ఆ ఉత్తర్వును కోర్టు మార్చొచ్చు, తీసుకున్నవాళ్ళు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే రద్దు కూడా చెయ్యొచ్చు.

ఇవి కాక మూడోది ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 125వ సెక్షన్, అందుకే మా వకీళ్ళు ఇప్పటికీ “వన్ ట్వంటీఫైవ్” అనే అంటారు. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్. దీనికి విడాకుల కేసు ఉండాల్సిన పని లేదు. తమను తాము పోషించుకోలేని భార్య, పిల్లలు, తల్లిదండ్రులు అడుక్కోవచ్చు.

టవర్‌క్లాక్:
అన్నా, “అడుక్కోవచ్చు” అంటే మా చెల్లెలు కొడుతుంది.

బుగ్గవంక:
సరే, “కోరవచ్చు”. కాగితంలో ఎప్పుడూ అట్లే రాస్తాం.

పెన్న ఇసుక (ప్రొద్దుటూరు):
అన్న చెప్పినవన్నీ పోషణ లెక్కలు. పెళ్ళిలో పెట్టిన బంగారం ఆ లెక్కలోకి రాదు. అది స్త్రీధనం. బంగారం వ్యాపారం ఊర్లో పుట్టినదాన్ని, ఈ గొడవలు చాలా చూసినా. “అంత భరణం ఇస్తున్నాం కదా, ఇంకా నగలు కూడానా?” అని పంచాయితీలో పెద్దమనుషులు అడుగుతారు. ఆ ప్రశ్నే తప్పు. ఆమె సొమ్ము ఆమెకు తిరిగివ్వడం వేరు, ఆమె బతుకుతెరువుకు డబ్బు ఇవ్వడం వేరు. స్త్రీధనం పూర్తిగా భార్యదే, భర్త దగ్గర ఉంటే అది దాచిపెట్టమని ఇచ్చినట్టే లెక్క అని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తిరిగివ్వకపోతే క్రిమినల్ కేసు పెట్టొచ్చు. పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఆమె పేరున రిజిస్టర్ చేసిన భూమి ఉంటే అదీ ఆమెదే. మీ వాక్యంలో “ఇతర సమస్త” అన్నచోట అవతలి వకీలు దూర్చేది వీటినే. నగలు నిజంగా ముట్టి ఉంటే తూకంతో సహా విడిగా రాయించండి. ముట్టకపోతే సంతకం పెట్టనివ్వొద్దు.

హంద్రీ గట్టు (కర్నూలు):
మా పాతబస్తీలో ఇదే గొడవ మెహర్ దగ్గర వస్తుంది. మెహర్ భరణం కాదు. నికాహ్ ఒప్పందంతో భర్త మీద పడే బాకీ అది. అందులో అడిగిన వెంటనే ఇవ్వాల్సింది ముఅజ్జల్, విడిపోయినప్పుడో చనిపోయినప్పుడో ఇవ్వాల్సింది మువజ్జల్. ఉర్దూ రాతలో ఒక్క అక్షరం తేడా, చెవికి దాదాపు ఒకటే. తెలుగులో టైపు చేసేవాళ్ళు రెండిటినీ ఒకే రకంగా కొడతారు, ఇక వాయిదాల మీద వాయిదాలు. నా సలహా ఏమంటే ఆ మాటల పక్కనే తెలుగులో “అడగ్గానే ఇవ్వవలసినది”, “తర్వాత ఇవ్వవలసినది” అని రాసుకోవాలి.

పెన్న ఇసుక:
కాగితం భాష సంగతి చెప్పినారు కాబట్టి ఇంకొకటి. మా వీధిలో ఒకామెకు “దాంపత్య హక్కుల పునరుద్ధరణ” అని నోటీసు వచ్చింది. హక్కులు ఇప్పిస్తారంట, మంచిదే కదా అనుకునింది. అది కాపురానికి రమ్మని మొగుడు వేసిన కేసు! వాయిదాకు పోలేదు, ఎక్స్‌పార్టీ అయిపోయింది, అంటే ఆమె మాట వినకుండానే కేసు తేలిపోయింది.

టవర్‌క్లాక్:
అక్కా, మా చెల్లెలికి ఆరేళ్ళ పాప ఉంది. ముసాయిదాలో పాప ఖర్చుల మాటే లేదు. దాన్ని కూడా “సమస్త”లో కలిపేసినట్టేనా?

బుగ్గవంక:
కలిపినా చెల్లదు. పోషణ పాప హక్కు. తల్లి సంతకంతో అది పోదు, కోర్టులు ఈ మాట చాలాసార్లు చెప్పినాయి. అట్లని వదిలెయ్యొద్దు, తర్వాత మళ్ళీ కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తుంది. నెలకు ఎంత, ఏ తేదీకి, ఏ ఖాతాలో, ఏడాదికి ఎంత పెరగాలి అన్నీ ఇప్పుడే రాయించండి. ఇంకొకటి, 144 కింద వచ్చిన ఉత్తర్వు ప్రకారం డబ్బు కట్టకపోతే వారెంటు అడగొచ్చు, కానీ బకాయి పడిన ఏడాది లోపల దరఖాస్తు వెయ్యాలి. “పోనీలే, తర్వాత చూద్దాం” అని మూడేళ్ళు ఆగి వచ్చేవాళ్ళను చూస్తే నాకు కడుపు మండుతుంది.

టవర్‌క్లాక్:
ఇట్లా విడగొట్టి వకీలు దగ్గరికి తీసుకుపోతున్నా: ఒకటి, శాశ్వత భరణం ఇంత. రెండు, స్త్రీధనం జాబితా ప్రకారం ముట్టినది. మూడు, పాప పోషణ నెలకు ఇంత. “ఇతర సమస్త” కొట్టేసినా.

హంద్రీ గట్టు:
“ముట్టినది” కూడా చూసుకోండి. డబ్బు ఇంకా రాకముందే ఆ మాటకు సంతకం పెడితే ఇబ్బంది. “ఫలానా తేదీన, ఫలానా నంబరు డీడీ ద్వారా ముట్టినది” అని ఉండాలి. సగం ఇప్పుడు, సగం రెండో మోషన్ నాడు (ఒప్పుకొని విడిపోయే కేసులో ఇద్దరూ రెండోసారి కోర్టు ముందుకు వచ్చే రోజు) ఇచ్చేట్టయితే రెండూ విడివిడిగా రాయించండి.