పేర్లు బయటపెట్టకుండా హెచ్‌ఐవీ గ్రాంటుకు లెక్క ఎలా చూపించాలి?

గే పురుషులకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు హెచ్‌ఐవీ పరీక్షలు, హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వేసుకునే ప్రెప్ మాత్రలు అందేలా చూసే చిన్న సంస్థ మాది. గ్రాంటు రెన్యువల్ దరఖాస్తు రెండుసార్లు వెనక్కి వచ్చింది. రెండుసార్లూ ఒకటే అభ్యంతరం: సేవలు అందుకున్నవాళ్ల పేర్లు, సంతకాలు, గుర్తింపు కార్డుల కాపీలు ఏవి?

అవి ఇవ్వలేం. ఆ జాబితా ఒక్కసారి బయటికి పొక్కితే ఇల్లూ ఉద్యోగమూ పోగొట్టుకునేవాళ్లున్నారు. సంతకం కోసం రిజిస్టర్ ముందుకు జరిపితే, సెల్ఫ్ టెస్ట్ కిట్‌ను బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయినవాళ్లను నేనే చూశాను.

మొదటిసారి నెలవారీ మొత్తాలు మాత్రమే పంపాం. రెండోసారి తల్లి పేరులో మొదటి రెండు అక్షరాలు, పుట్టిన తేదీ, నెల కలిపి ఒక్కొక్కరికీ కోడ్ ఇచ్చాం. ఒకే మనిషి రెండు కోడ్‌లతో వచ్చి ఉండొచ్చు కదా అని గ్రాంటు ఇచ్చేవాళ్లు అన్నారు. అదీ నిజమే, భయంతో తేదీ మార్చి చెప్పేవాళ్లున్నారు. ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు నివారణ సేవల్లో 80 శాతం కమ్యూనిటీ సంస్థల ద్వారా అందాలన్న 2021 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటననూ జతచేశాం. ఫలితం లేదు.

ఉన్న కిట్లు ఇంకో ఆరు వారాలకే సరిపోతాయి. మూడో దరఖాస్తుకు 20 రోజుల గడువుంది, చాలా టెన్షన్‌గా ఉంది.

ఇలాంటి సంస్థలు నడిపినవాళ్లు చెప్పండి: పేర్లు లేకుండానే, ఒకరిని రెండుసార్లు లెక్కపెట్టలేదని మీ దాతలు ఏ ఆధారం చూసి ఒప్పుకున్నారు?