బ్యాగులో పట్టే సొంత డీజే కంట్రోలర్: చేసినవాళ్లు మీ అనుభవం చెప్పండి

బీట్‌పిచ్చి
అందరికీ నమస్కారం. లాప్‌టాప్ బ్యాగులోనే పట్టేసే డీజే కంట్రోలర్ (లాప్‌టాప్‌లోని పాటలు కలిపే ప్రోగ్రాంను నడిపే నాబ్‌ల పెట్టె) ఒకటి సొంతంగా చేసుకోవాలని చాలా రోజులుగా ఉంది. రెండు డెక్‌లు, అంటే ఒక్కో పాటకు ఒక్కో భాగం. ఒక్కో డెక్‌కు ప్లే, క్యూ (గుర్తు పెట్టుకున్న చోటికి పాటను తెచ్చే) బటన్లు, మూడు ఈక్యూ నాబ్‌లు (హై, మిడ్, లో శబ్దాలకు ఒక్కోటి), వాల్యూమ్ ఫేడర్ (జరిపే మీట), పాట వేగం మార్చే పిచ్ ఫేడర్. మధ్యలో ఒక పాట నుంచి ఇంకోదానికి జరిపే క్రాస్‌ఫేడర్. వీలైతే జాగ్ వీల్స్ (రికార్డులా చేత్తో తిప్పే చక్రాలు) కూడా. సాఫ్ట్‌వేర్ మిక్స్ (పేరు చివర మూడు ఎక్స్‌లు ఉండే ఉచిత ప్రోగ్రాం). సోల్డరింగ్ వచ్చు, ఆర్డుయినోలో చిన్న చిన్న ప్రోగ్రాములు రాశాను. నా దగ్గర ఆర్డుయినో ఊనో సర్క్యూట్ బోర్డు ఉంది, సరిపోతుందా? మీకు ఎక్కడ దెబ్బ తగిలిందో కూడా చెబితే మేలు.

తీగలమాస్టారు
ఊనో వద్దండీ. దాని ప్రధాన చిప్‌కు నేరుగా యూఎస్‌బీ లేదు. మధ్యలో ఇంకో చిప్ ఉండి కంప్యూటర్‌తో సీరియల్ పోర్టులా మాట్లాడుతుంది. అదనపు ప్రోగ్రాం పెట్టి నడిపించవచ్చు గానీ, వేరేవాళ్ల లాప్‌టాప్‌కు తగిలించాల్సి వచ్చిన రోజు తిప్పలు తప్పవు. లియోనార్డో, ప్రో మైక్రో, టీన్సీ బోర్డుల్లో ఏదైనా తీసుకోండి. ఇవి నేరుగా మిడి (సంగీత పరికరాలు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతి) పరికరంగానే కనిపిస్తాయి, డ్రైవర్ అడగవు.

అనలాగ్ పిన్‌లు చాలవన్న బెంగ అక్కర్లేదు. మీ నాబ్‌లు, ఫేడర్లు కలిపితే 11. 4067 మల్టిప్లెక్సర్ ఒక్కటి పెడితే 16 వరకు ఒకే అనలాగ్ పిన్‌లోకి తెచ్చుకోవచ్చు, దాన్ని నడపడానికి నాలుగు డిజిటల్ పిన్‌లు పోతాయి. ఒక్క జాగ్రత్త: ఛానల్ మార్చగానే వచ్చే మొదటి రీడింగ్ పారేసి రెండోది వాడండి. లేకపోతే పక్క నాబ్ విలువ కాస్త ఇందులోకి కలిసి వస్తుంది. పాట్‌లన్నీ (నాబ్‌ల, ఫేడర్ల కింద ఉండే మార్చగల రెసిస్టర్లు) బి10కె, అంటే 10 కిలోఓమ్‌ల లీనియర్ రకం తీసుకోండి. వాల్యూమ్‌కు లాగ్ రకం కావాలేమో అనిపిస్తుంది, అక్కర్లేదు. ఆ వంపు సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

రెండోడెక్
మాస్టారు చెప్పినదానికి ఒక్క సవరణ. పిచ్ ఫేడర్లు రెండూ మల్టిప్లెక్సర్‌లో పెట్టకండి, వాటికి సొంత అనలాగ్ పిన్‌లు ఇవ్వండి. నా మొదటి కంట్రోలర్‌లో అన్నీ బాగున్నాయి, బీట్ కలపడం ఒక్కటే కుదరలేదు. రెండు పాటలూ కలిశాయనిపించేది, నిమిషం తిరిగేసరికి కిక్‌లు (డ్రమ్ దెబ్బలు) విడిపోయేవి. నా చెవి సరిగా లేదేమో అని నెల రోజులు సాధన చేశాను. తప్పు చెవిది కాదు, లెక్కది.

మామూలు మిడి కంట్రోల్ విలువలు 0 నుంచి 127 వరకే. పిచ్ పరిధి అటూ ఇటూ 8 శాతం అనుకుంటే మొత్తం 16 శాతాన్ని 127 మెట్లుగా కోస్తున్నాం. ఒక్కో మెట్టు 0.126 శాతం. 128 బీపీఎం (నిమిషానికి 128 బీట్‌ల) పాటలో అది సుమారు 0.16 బీపీఎం. మీకు కావాల్సిన వేగం రెండు మెట్ల మధ్యలో పడిందనుకోండి, నిమిషానికి 38 మిల్లీసెకన్ల దాకా జారిపోతుంది. ఆ తేడా చెవికి తెలిసిపోతుంది.

దారి ఏమిటంటే, పిచ్ ఫేడర్‌ను కంట్రోల్ మెసేజ్‌గా కాకుండా పిచ్ బెండ్ మెసేజ్‌గా పంపండి. అది 14 బిట్లది, 0 నుంచి 16383 వరకు వెళ్తుంది. మొదటి డెక్‌కు ఒకటో మిడి ఛానల్, రెండో డెక్‌కు రెండో మిడి ఛానల్. లియోనార్డో 10 బిట్లే చదువుతుంది కాబట్టి నిజంగా దొరికేది 1024 మెట్లు. అయినా ఒక్కో మెట్టు 0.016 శాతానికి దిగుతుంది, అది చాలు. 16 రీడింగుల సగటు తీసి, విలువ కనీసం రెండు అంకెలు కదిలితేనే పంపండి. లేకపోతే ఫేడర్ ముట్టుకోకపోయినా టెంపో వణుకుతూ ఉంటుంది. ఫేడర్ 60 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూడండి. పెట్టె చిన్నదవ్వాలంటే ఇంకేదైనా తీసేయండి, దీన్ని మాత్రం కుదించకండి.

నాబ్‌లూవైర్లూ
బ్యాగులో తిరిగే పెట్టె అంటున్నారు కాబట్టి నాకు జరిగింది చెప్తాను. ప్రో మైక్రో బోర్డు మీది చిన్న యూఎస్‌బీ సాకెట్‌నే పెట్టె గోడకు వేసిన రంధ్రంలోంచి బయటకు కనబడేలా పెట్టాను. ఒక ఫ్రెండ్ పెళ్లిలో వాయిస్తుంటే ఎవరి కాలో కేబుల్‌కు తగిలింది. సాకెట్ బోర్డు నుంచి లేచిపోయింది. విప్పి చూస్తే దాని కింద అతుక్కుని ఉండే రాగి పొర కూడా సాకెట్‌తో పాటే ఊడి వచ్చింది. మళ్లీ అతికించడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఆ రాత్రంతా లాప్‌టాప్ కీబోర్డు మీదే నడిపాను.

ఇప్పుడు పెట్టె గోడకు స్క్రూలతో బిగించే చతురస్రపు యూఎస్‌బీ బి సాకెట్ వాడుతున్నాను. లోపల అక్కడి నుంచి బోర్డుకు పొట్టి కేబుల్, దానికి ఒక క్లిప్. ఎవరు లాగినా ఆ బలం గోడ మీద పడుతుంది, బోర్డు మీద పడదు.

ఇంకోటి. రేకుకు రంధ్రాలు వేసే ముందు అట్టముక్క మీద అన్నీ గుచ్చి ఒక గంటసేపు ఉత్తుత్తిగా మిక్స్ చేయండి. నాబ్‌ల మధ్య 20 మిల్లీమీటర్లు చాలనుకున్నాను. చీకట్లో హై తిప్పబోతే వేలు పక్కనున్న మిడ్‌కు తగులుతోంది. 27కు మార్చాక హాయిగా ఉంది. పెట్టె పక్క గోడలు నాబ్‌ల కంటే 5 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంచితే, పైన మూత వేసి ఎలా పడేసినా పాట్‌ల మెడలు విరగవు.

బీట్‌పిచ్చి
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. ఆ మెట్ల లెక్క నాకు అస్సలు తట్టేది కాదు. మరి జాగ్ వీల్ సంగతి?

రెండోడెక్
చేయవచ్చు. ఒక చుట్టుకు 600 పల్స్‌లు ఇచ్చే ఆప్టికల్ ఎన్‌కోడర్ (చక్రం ఎంత తిరిగిందో చెప్పే భాగం) తీసుకుని, రెండు లైన్ల మీదా పైకీ కిందకీ మారే ప్రతి అంచునూ లెక్కిస్తే చుట్టుకు 2400 వస్తాయి. మిక్స్ స్క్రిప్టులో స్క్రాచ్ (రికార్డును చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పడం) ఫంక్షన్‌కు ఆ 2400 సంఖ్యా, రికార్డు వేగం నిమిషానికి 33⅓ చుట్లూ ఇవ్వాలి. ప్రతి అంచుకీ ఒక మెసేజ్ పంపకండి. 5 మిల్లీసెకన్లకు ఒకసారి పోగు చేసి పంపండి. ఆ ఎన్‌కోడర్లలో చాలావాటికి అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్ రకం, అంటే లైన్‌ను కిందికే లాగగలదు. పైకి లాగే పుల్అప్ రెసిస్టర్లు పెట్టకపోతే ఏమీ కదలదు.

నాబ్‌లూవైర్లూ
పని చేస్తుంది గానీ ఆ ఎన్‌కోడర్ ఎత్తు వల్ల పెట్టె లావైపోతుంది. మీరు స్క్రాచ్ చేయరంటే, పాటను కాస్త ముందుకూ వెనక్కూ నెట్టే రెండు బటన్లు చాలు. నా ఓటు వాటికే.

తీగలమాస్టారు
లైట్లు పెడతారా? ఆర్‌జీబీ ఎల్‌ఈడీలు తెల్లగా పూర్తిగా వెలిగితే ఒక్కోటి దాదాపు 60 మిల్లీఆంపియర్లు లాగుతుంది. 16 పెడితే 960. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500. కాబట్టి వెలుగు బాగా తగ్గించి వాడండి. ఎల్‌ఈడీల గ్రౌండ్ తీగ, ఫేడర్ల గ్రౌండ్ తీగ వేరువేరుగా బోర్డు దాకా లాగండి. నేను ఒకే తీగ మీద వేస్తే, లైటు వెలిగిన ప్రతిసారీ వాల్యూమ్ విలువ రెండు మూడు అంకెలు ఎగిరేది.

బీట్‌పిచ్చి
అయితే ఇలా అనుకుంటున్నాను. లియోనార్డో, ఒక 4067, పిచ్ ఫేడర్లకు సొంత పిన్‌లు. జాగ్ వీల్స్ వద్దు, నెట్టే బటన్లే. ఎల్‌ఈడీలు ప్లే, క్యూలకు మాత్రమే, ఒకే రంగువి. అట్ట కోసి నాబ్‌లు గుచ్చాను, 27 మిల్లీమీటర్లు పెడితే క్రాస్‌ఫేడర్ పక్కన హెడ్‌ఫోన్ వాల్యూమ్‌కు కూడా చోటు మిగిలింది. దాన్ని మల్టిప్లెక్సర్‌లో ఇంకో ఛానల్‌కు కలిపేస్తే సరిపోతుందా?

తీగలమాస్టారు
సరిపోతుంది, అది సాఫ్ట్‌వేర్‌లో హెడ్‌ఫోన్ వాల్యూమ్‌ను తిప్పుతుంది. కానీ హెడ్‌ఫోన్‌లో రాబోయే పాట విడిగా వినాలంటే నాలుగు అవుట్‌పుట్‌ల సౌండ్ కార్డు కావాలి. లేదంటే ఎడమ వైపు స్పీకర్లకు, కుడి వైపు హెడ్‌ఫోన్‌కు విడదీసే కేబుల్ వాడండి. అప్పుడు రెండూ మోనోలోనే వస్తాయి. సాధనకు అది చాలండీ. ముందు దానితో మొదలుపెట్టండి, పెట్టెలో సౌండ్ కార్డుకు కాస్త ఖాళీ ఇప్పుడే వదిలి ఉంచండి.