ఫైట్ మాస్టర్ వృత్తిలో నిలకడైన సంపాదన ఉంటుందా?

గాజువాక వాసి:
మా తమ్ముడికి ఇరవై మూడేళ్లు. కరాటేలో బ్లాక్ బెల్టు ఉంది, తెల్లవారకముందే ఆర్కే బీచ్ ఇసుకలో పల్టీలు సాధన చేస్తుంటాడు. స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని మానేసి హైదరాబాదు వెళ్తానని, ముందు ఫైటర్‌గా చేరి పదేళ్లలో ఫైట్ మాస్టర్‌ను అవుతానని పట్టుబట్టాడు. మాస్టర్లు సినిమాకు లక్షల్లో తీసుకుంటారని వాడంటాడు, అన్నం ఎవరు పెడతారని అమ్మ అడుగుతుంది. తెలిసినవారు నిజం చెప్పగలరు.

లెక్కల మనిషి:
నేను కొన్నేళ్లు చిత్ర నిర్మాణ సంస్థల్లో ఖాతాలు చూశాను. ఫైటర్‌ది రోజుకూలి, యూనియన్‌కూ నిర్మాతలకూ మధ్య కుదిరిన రేటు, దానిపై బేటా (రోజువారీ ఖర్చులకిచ్చే భత్యం). ఆ రేటు పెంచాలంటే ఎంత గొడవ అవుతుందో 2025 ఆగస్టులో ముప్పై శాతం పెంపు కోసం కార్మికులు సమ్మెకు దిగి షూటింగులన్నీ ఆగిపోయినప్పుడు అందరూ చూశారు. మాస్టర్‌ది వేరే లెక్క, ఆయన రోజుకో, ఫైటుకో, సినిమా మొత్తానికి ప్యాకేజీగానో మాట్లాడుకుంటాడు. ప్యాకేజీ పెద్దదిగా కనిపిస్తుంది గాని, అసిస్టెంట్ల జీతాలు, రోపుల అద్దె, రిహార్సల్ రోజులు అందులోనే ఉన్నాయా, నిర్మాత విడిగా ఇస్తాడా అన్నది తేలకుండా ఆ అంకెకు అర్థం లేదు. నాలుగు రోజులనుకున్న ఫైటు వర్షం వల్ల ఏడు రోజులైతే, ఒప్పందంలో ఆ మాట రాయించుకోని మాస్టర్ జేబులోంచే పోతుంది. అమెరికాలో నటుల సంఘం ఒప్పందం ప్రకారం స్టంట్ కళాకారుడి కనీస దినవేతనం 2025 జులై నుంచి 1,246 డాలర్లు, చేసిన సాహసం కష్టాన్ని బట్టి అదనం కూడా ఉంటుంది. ఆ అంకెలను యూట్యూబులో చూసి మీ తమ్ముడు ఇక్కడికి అన్వయించుకుంటున్నాడేమో, ఒకసారి అడగండి.

భీమిలి మాజీ ఫైటర్:
పై మిత్రుడు డబ్బు సంగతి చెప్పారు, నేను ఒంటి సంగతి చెబుతాను. పదకొండేళ్లు చేశాను, మోకాలు సహకరించక మానేశాను. దెబ్బ తగిలిన రోజు ఆసుపత్రి బిల్లు నిర్మాత కట్టాడు, ఆ తరువాత మంచం మీద గడిపిన నాలుగు నెలలకు మాత్రం ఎవరూ పైసా ఇవ్వలేదు. నా దృష్టిలో అసలు నష్టం అదే. 2025 జులైలో తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో కారు బోల్తా కొట్టించే సన్నివేశంలో అనుభవజ్ఞుడైన స్టంట్ కళాకారుడు చనిపోయాడు. మామూలు ప్రమాద బీమా సంస్థలు మాలాంటివారిని ఎక్కువ రిస్కు వర్గంలో పెట్టడమో, అసలు తీసుకోకపోవడమో ఎందుకు చేస్తాయో దాన్నిబట్టి తెలుస్తుంది.

మా మాస్టర్ ఎవరినైనా రోప్ మీద ఎత్తేముందు హార్నెస్ (ఒంటికి బిగించే పట్టీల కట్టు) తొడపట్టీలోకి స్వయంగా చేయి పెట్టి చూసేవారు: అరచేయి దూరాలి, పిడికిలి దూరకూడదు. రుషికొండ దగ్గర షూటింగులో ఉప్పుగాలికి క్యారబైనర్ (రోపును తగిలించే లోహపు కొక్కెం) మూత బిగుసుకుపోయిందని, హీరో మేకప్ వేసుకుని ఎదురుచూస్తున్నా రెండు గంటలు పని ఆపించారు. ఆ రోజు ఆయన దర్శకుడి చేత తిట్లు తిన్నారు. మాస్టర్‌కిచ్చే డబ్బు అలా ఆపగలిగినందుకే గాని పల్టీలు కొట్టినందుకు కాదు. అన్నట్టు, మీ తమ్ముడు ప్లాంటులో చేసే పని ఏమిటి?

ఎంవీపీ కాలనీ:
అంత భయపెట్టనవసరం లేదు. రామ్-లక్ష్మణ్ మాస్టర్లు కారంచేడు నుంచి వచ్చి, ఫైటర్లుగా మొదలుపెట్టినవారే. జాతీయ అవార్డుల్లో యాక్షన్ దర్శకత్వానికి 64వ అవార్డుల నుంచి చోటిచ్చారు. మొదటిది పీటర్ హెయిన్‌కు వచ్చింది, 71వ అవార్డుల్లో ‘హను-మాన్’కు నందు, పృథ్వీ అందుకున్నారు. 2028లో జరిగే ఆస్కార్ వేడుక నుంచి అక్కడ కూడా స్టంట్ డిజైన్‌కు అవార్డు ఇస్తారు.

గాజువాక వాసి:
అందరికీ ధన్యవాదాలు. మాజీ ఫైటర్ గారూ, వాడు ఖలాసీ. చైన్‌పుల్లీలు, స్లింగులు (బరువులెత్తే తాళ్లు, పట్టీలు) కట్టి యంత్రభాగాలు ఎత్తించే పని. అదేమీ సినిమాకు పనికిరాదని వాడే అంటాడు.

భీమిలి మాజీ ఫైటర్:
పనికిరాకపోవడమేమిటండీ! ఏ కోణంలో కడితే స్లింగు మీద ఎంత బరువు పడుతుందో తెలిసినవాడు మా బృందంలో ఒక్కడుండేవాడు, మాస్టర్ ఎక్కడికి వెళ్లినా అతన్ని వెంట తీసుకెళ్లేవారు. ఫైటు లేని రోజుల్లో కూడా రోప్ పని ఉన్న ప్రకటనలకు, స్టేజీ కార్యక్రమాలకు అతనికి పిలుపు వచ్చేది. మాకెవరికీ రాలేదు. యూనియన్ కార్డు చేతికి రాకముందే మాత్రం ఉద్యోగం మాననివ్వకండి, కార్డు లేనివాడిని సెట్‌లో దింపితే గొడవవుతుంది. వెళ్లేటప్పుడు కాంట్రాక్టరు చేత అనుభవ పత్రం రాయించుకోమనండి, అందులో ‘హెల్పర్’ అని కాకుండా ‘ఖలాసీ’ అనే ఉండేలా చూసుకోమనండి.